బాబూనా మడి

"ఈ పువ్వు కొప్పులోకా, గుడికా, మార్కెట్టుకా?"

కుమారస్వామి అడిగాడు కానీ అది అడగడం కాదు. నోటి నిండా పళ్ళపొడి నురగతో, స్నానాల బండ పక్కనున్న చిన్న మడి మీదికి ఉమ్మబోతూ అన్న మాట. గంగాదేవి బియ్యం కడిగిన నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. "ఆడ ఉమ్మొద్దు," అంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె ఆయనతో వద్దు అన్న సందర్భాలకు ఒక చేతి వేళ్ళు చాలు. ఆయన ఆమెను ఒకసారి చూసి, రెండడుగులు జరిగి బండ మీద ఉమ్మాడు. ఆ బండ కడిగేదీ ఆమే.

"దేనికిమే ఇవి?"

"ఊరికే. పెంచుకుంటాండా."

"ఊరికే పెంచేదానికి కుక్క చాలదా?" అని ఆయన తన మాటకు తానే నవ్వుకుంటూ పోయాడు.

నిద్ర కోసం అని చెప్పి ఉండవచ్చు. చెబితే ఏమంటాడో ఆమెకు తెలుసు. రెండేళ్ళ కిందట, ముట్లు ఆగిపోయే వయసులో ఒళ్ళంతా ఆవిర్లు పుట్టి నిద్ర పట్టడం లేదని చెప్పినప్పుడే అనేశాడు: "పని తక్కువైతే నిద్ర పట్టదు." అత్త చౌడక్క మంచం మీద నుంచే అందుకుంది: "మా కాలంలో మేము నిలబడే నిద్రపోతా ఉంటిమి." డాక్టరమ్మ రాసిన బిళ్ళలు పదిరోజులు మింగింది. పొద్దున లేస్తే తల బండలా ఉండేది. పువ్వు కోతకు ఆలస్యమైందని వాటిని ఆయనే తీసి అటక మీద పారేశాడు.

కుమారస్వామి చామంతి రైతు. పరిగి దగ్గర పల్లెలో ఎకరన్నర చేను, ఒక బోరు. మొగ్గను చూసి ఎన్ని దినాలకు విచ్చుతుందో చెప్పగలడు. ఆకు తిరగేసి ఏ తెగులో చెప్పగలడు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వచ్చి అడిగిపోతారు. పువ్వంటే ఆయనకు మూడు దారులే తెలుసు. తల, గుడి, హిందూపురం మార్కెట్టు. నాలుగో దారి ఉంటుందని ఆయన ఊహించలేదు. ఊహించే అవసరం ఆయనకు ఎప్పుడూ పడలేదు.

గంగాదేవి నాలుగింటికి లేచేది. నుదుటికి లైటు కట్టుకుని, మంచులో మోకాళ్ళ దాకా తడిసి, బుట్టలు నింపి, ఏడుకు ఆటో ఎక్కించేది. ఇంటికి వచ్చి పాలు పితికి, అత్తకు స్నానం చేయించి, సంగటి కెలికి, ఊరుబిండి నూరి, మళ్ళీ చేనుకు అన్నం మోసేది. చేనుకు పురుగుమందు కొట్టిన రోజు ఆయన చొక్కా వేరేగా నానబెట్టి ఉతికేది. ఆ వాసన ఆమె గోళ్ళలో రెండు రోజులు ఉండేది. రాత్రి పడుకుంటే కళ్ళు మూతపడవు. మూతపడినా ఒళ్ళు మండి లేచి కూర్చునేది. తెల్లవారి పనిలో మాత్రం నిద్ర వచ్చేది. ఒకసారి బంధువుల ఇంట్లో నామకరణానికి పోయి, వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె పట్టుకుని నిలబడే కునికింది. పాయసం ఒకాయన చేతి మీద పడింది. ఆ సంగతిని కుమారస్వామి ఏడాది పాటు కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. "మా ఇంటిది గుర్రం జాతి అబ్బా, నిలబడే నిద్రపోతాది." అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంకోసారి చెబుతాడు.

ఆ మడి సంగతి మొదలైంది ఒక బస్సులో.

ధర్మవరంలో ఆమె చిన్నాన్న మనవరాలికి సీమంతం. కోత రోజులని ఆయన రాలేదు. ఆమె ఒక్కతే పోయి, మధ్యాహ్నం భోజనం కాగానే తిరుగు బస్సెక్కింది. పక్క సీట్లో తెల్ల దుప్పటా కప్పుకున్న ఒక పెద్దావిడ, ఒళ్ళో గుడ్డపీలికల సంచి. ధర్మవరం పట్టు దుకాణాల్లో మిగిలిన అంచు ముక్కలు కొని తెచ్చుకుంటున్నట్టుంది. బస్సు ఊరు దాటింది. కిటికీలోంచి గాలి వచ్చింది. అంతే గంగాదేవికి గుర్తు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది. బయట హిందూపురం బస్టాండు. తన తల ఆ పెద్దావిడ భుజం మీద ఉంది. దుప్పటా మీద తన ఎంగిలి మరక.

"అయ్యో, నేను దిగే పరిగి క్రాసు దాటిపోయింది!" అని లేచింది. తర్వాత సిగ్గుతో, "నువ్వు కూడా హిందూపురమేనా అక్కా?" అని అడిగింది.

"నాది పెనుకొండ," అందామె.

పెనుకొండ దాటి గంట కావస్తోంది. గంగాదేవికి అర్థం కాలేదు. కండక్టరు నవ్వుతూ చెప్పాడు: "పెనుకొండ వచ్చిందమ్మా అని నేను మూడుసార్లు అరిచినా. ఈమె నోటిమీద వేలు పెట్టుకుని, హిందూపురం దాకా టికెట్టు కొట్టమనె. నువ్వు చెల్లెలంట కదా?"

"లేపుంటే సరిపోయేది కదక్కా."

"లేపుదామనే చెయ్యెత్తినా," అందామె దుప్పటా సర్దుకుంటూ. "నీ ముఖం చూసి చేతులు రాలేదు. పసిపిల్ల మాదిరి పడుకోనుంటివి. ఎన్ని దినాలైంది తల్లీ, నిద్రపోయి?"

నిద్ర రావడం లేదని గంగాదేవి చాలామందికి చెప్పింది. ఎన్ని దినాలైందని ఎవరూ అడగలేదు. అడిగితే లెక్క వేసుకోవాలని కూడా ఆమెకు తట్టలేదు. ఇప్పుడు లెక్క వేసుకుంది. "రెండేండ్లు," అంది. ఆ పెద్దావిడ నవ్వలేదు. నిలబడి నిద్రపోయే గుర్రం కథ చెబితే కూడా నవ్వలేదు. "గుర్రానికైనా దాని పని అయినాక జీను తీస్తారు కదా," అంది. ఆమె పేరు లాల్‌బీ. పెనుకొండ కోట కింద సందులో రవికెలు కుడుతుంది. ఇద్దరూ బస్టాండులో టీ తాగారు. ఎవరి ఊరికి వాళ్ళు బస్సు పట్టుకున్నారు.

ఇంటికి రెండు గంటలు ఆలస్యం. "యాడ పడి నిద్రపోయినావు?" అని కుమారస్వామి తిట్టాడు. బస్సులో అని చెప్పింది. "పక్కన మొగోడుంటే ఏం గతి?" ఆడమనిషే ఉండింది, పెనుకొండ లాల్‌బీ అని చెప్పింది. ఆయన పెద్దగా నవ్వాడు. "సాయిబులామె భుజం మీద పండుకునేదానికి సీమంతానికి పోయినావా?" గంగాదేవి పొయ్యి దగ్గరికి పోయింది. సంగటికి ఎసరు పెడుతూ తన భుజం తానే తాకి చూసుకుంది. ఒక మనిషి తన ఊరు దాటి గంట దూరం ఊరికే కూర్చుంది, కదలకుండా, చెయ్యి తిమ్మిరెక్కినా. తన కోసం. పుట్టింట్లో అమ్మ పోయాక ఇంత మేలు తనకు ఎవరు చేశారని వెతికింది. ఆ వెతకడంలో ఎసరు పొంగింది.

పదిహేను రోజులకు ఒక రవికె గుడ్డ సాకుగా పెట్టుకుని పెనుకొండ పోయింది. లాల్‌బీ ఇల్లు ఒకటే గది, ముందు వసారా. వసారాలో కుట్టుమిషను. వెనక అడుగు నేల లేదు, అంతా బండ. ఆమె గూట్లోంచి ఒక పాత సుర్మా సీసా తీసింది. లోపల సుర్మా లేదు. గసగసాల కన్నా సన్నగా, లేతగోధుమ రంగులో విత్తనాలు.

"మా తాత హకీము. ఆయన నాటి నుంచి మా ఇంట్లో ఉండాది. మేము బాబూనా అంటాము. టీ పొట్లాల మీద చామొమైల్ అని రాస్తాండారంట, మా పిల్లోడు ఇమ్రాన్ ఫోన్లో చూపించినాడు. పువ్వు ఎండబెట్టి వేన్నీళ్ళలో వేసి తాగితే ఒళ్ళు చల్లబడి నిద్ర పడతాది. మా అమ్మ దీన్ని పెయింటు డబ్బాల్లో వేసి మిద్దె మీద పెంచేది. అమ్మ పోయినాక నేను. విత్తనం చచ్చిపోకుండా ఏడాదికి నాలుగు చెట్లు. ఈ యేడు మిద్దెకు ఓనరు తాళం వేసుకున్నాడు."

"అయితే ఇది?"

"ఇదే ఆఖరు. మొత్తం తీసుకపో. డబ్బాలో అది బతుకుతాది గానీ పెరగదు గంగమ్మా. నీకు నేల ఉండాది."

గంగాదేవి చేతులు వెనక్కి పెట్టుకుంది. తనకు నేల ఉందని ఆమెకు అప్పటి దాకా తెలియదు. ఎకరన్నర ఆయనది. పెరడు అత్తది. తనకు స్నానాల బండ పక్కన, తను పారబోసే నీళ్ళు ఇంకే చోటు ఒకటి ఉంది. రెండు బారల పొడవు, ఒక బార వెడల్పు. అదీ ఎవరికీ పనికిరాదు కాబట్టి.

"పండినాక సీసా నింపి తెచ్చిస్తా," అంది.

"ఒక డబ్బా పువ్వులు కూడా. నాకూ నిద్ర పట్టదులే," అని లాల్‌బీ నవ్వింది. "ఒకటి మరవొద్దు. మట్టి కప్పొద్దు. ఇసకలో కలిపి చల్లి, అరచేత్తో అదుము, అంతే. ఇది వెలుతురు చూస్తేనే మొలుస్తాది. కప్పితే మొలవదు."

కార్తీకంలో చల్లింది. పన్నెండో రోజుకు పచ్చటి నలుసులు కనబడ్డాయి. నెలకు బెత్తెడు ఎదిగి, కొత్తిమీర కంటే సన్నగా చీలిన ఆకులతో నిలబడ్డాయి. అక్కడే మొదటి దెబ్బ తగిలింది. చౌడక్క కర్ర పట్టుకుని బండ దాకా వచ్చి, ఆ ఆకులు చూసి, వయ్యారిభామ అనుకుంది. ఆ కలుపు ముట్టుకుంటే ఒళ్ళు దద్దుర్లు. కోడలికి ఉపకారం చేద్దామని కూర్చుని కొంగు చేతికి చుట్టుకుని పీకడం మొదలుపెట్టింది. గంగాదేవి చేను నుంచి వచ్చేసరికి మడిలో నాలుగోవంతు లేదు.

"అత్తా, అది కలుపు కాదు!"

"వయ్యారిభామ కాదా? మరి చెప్పాల కదమ్మే! ఏంది ఇది?"

"తాగే పువ్వు. నిద్రకు."

ఆ పువ్వు దేనికో ఆమె నోటి నుంచి ఆ ఇంట్లో మొదటిసారి బయటికి వచ్చింది. అత్త వెక్కిరిస్తుందని ఎదురుచూసింది. చౌడక్క పీకిన మొక్కల కుప్పను చూసింది, కోడలి ముఖం చూసింది. "వీటిల్లో బతికేవి ఉంటే మళ్ళా నాటు. నేను నీళ్ళు పోస్తా," అంది. అన్నట్టే రోజూ సాయంత్రం ఒక చెంబు తెచ్చి పోసేది. సగం మొక్కలు బతికాయి.

పుష్యమాసంలో పూలు వచ్చాయి. చిన్న చిన్నవి, తెల్ల రేకులు, మధ్యలో పసుపు బొడిపె. చామంతిని పొద్దు పొడవక ముందే, మంచు మీదే కోయాలి. దీన్ని మంచు ఆరాక, పదింటికి కోయాలని లాల్‌బీ చెప్పింది. వేళ్ళు వెడల్పు చేసి, పిల్లకు తల దువ్వినట్టు కింది నుంచి పైకి దువ్వితే పువ్వులు వాటికవే చేతిలోకి వస్తాయి. ఆ పది గంటలప్పుడు గంగాదేవి మడి దగ్గర కూర్చుని దువ్వేది. మాగిన రేగిపండు వాసన వేసేది. తనకు తల దువ్వినవాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు. అమ్మ ఒక్కతే. చేనుకు అన్నం అరగంట ఆలస్యంగా పోయేది. "ఈ మధ్య నీ కాళ్ళకు మేకులు కొట్టినారా?" అని ఆయన అనేవాడు.

మొదటిసారి టీ కాచినట్టు పాలు, చక్కెర వేసి కాచింది. చౌడక్క ఒక గుక్క తాగి ఉమ్మేసింది. "గొడ్లకు పొయ్యి!" లాల్‌బీకి ఫోను చేస్తే అవతల నవ్వు ఆగలేదు. "పాలు వద్దు తల్లీ! వేన్నీళ్ళు పోసి మూత పెట్టు. పది నిమిషాలు దాని జోలికి పోవద్దు. ఊరికే కూర్చో."

ఆ ఊరికే కూర్చోవడం కష్టమైంది. చేతులు చాట వైపు, చీపురు వైపు పోయేవి. రెండో రోజుకు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మూతపెట్టిన లోటా, పక్కన తను, ఎదురుగా మంచం మీద అత్త. చీకటి పడుతున్న వేళ. ఆ ఇంటికి వచ్చాక చేతిలో పని లేకుండా ఆమె కూర్చున్న మొదటి పది నిమిషాలు అవే. నిద్ర పువ్వు వల్ల వచ్చిందో, ఆ పది నిమిషాల వల్ల వచ్చిందో ఆమెకు తెలియదు. వచ్చింది. మూడో రోజు నాలుగింటికి లేవలేదు. ఐదున్నరకు ఆయన కాలితో మంచం కోడు తన్ని లేపితే లేచింది. "ఎవరన్నా మత్తు పెట్టినారా నీకు?" అన్నాడు. ఆమెకు కోపం రాలేదు. ఒళ్ళు దూదిలా ఉంది. చేనులో మంచు కూడా ఆ రోజు చల్లగా, బాగుంది. ఎవరికో ఒకరికి దండం పెట్టాలనిపించి పెనుకొండ వైపు తిరిగి చూసింది.

చౌడక్క కూడా దారికొచ్చింది. సాయంత్రం కాగానే దగ్గేది. "ఆ పచ్చనీళ్ళు ఇంత మిగిలినాయా?" రోజూ ఒక గ్లాసు అత్తకు. ఇద్దరూ కలిసి తాగేవాళ్ళు. మాట్లాడుకునేది ఏమీ లేదు. ఒకసారి మాత్రం ముసలామె అంది, "నిలబడి నిద్రపోతిమి అని నీతో చెప్తి చూడు. అబద్ధం. యాడ నిద్ర? నిలబడే ఉంటిమి, అంతే."

ఆ వారం మడి నిండా విచ్చుకుంది. చూడటానికి ఎవరో తెల్ల గుడ్డ ఆరేసినట్టుంది. అప్పటి దాకా కోసింది ఇద్దరు తాగడానికే సరిపోయింది. ఇప్పుడు డబ్బా నింపవచ్చు. గురువారం కోసి నీడన ఆరబెట్టి, కాస్త ఎండగానే శుక్రవారం లాల్‌బీకి తీసుకుపోతానని ఫోనులో చెప్పింది. మిగిలిన పూలు చెట్టు మీదే ఎండనిచ్చి విత్తనం తీయాలి. సుర్మా సీసాను కడిగి గూట్లో బోర్లించింది.

గురువారం చేనులో చామంతికి మందు కొట్టే రోజు. కోత అయ్యాక ఆయన బ్యాటరీ పంపు వీపుకు తగిలించుకున్నాడు. ఆమె చివరి సాళ్ళలో రాలిపోయిన పూలు ఏరుతూ ఉండిపోయింది. ఆయన ముందుగా ఇంటికి పోయాడు. పది కావస్తుండగా ఆమె గంప తీసుకుని మడి దగ్గరికి వచ్చింది. మంచు ఆరిపోయింది. కానీ ఆకులు తడిగా ఉన్నాయి. ఎవరు నీళ్ళు చల్లారా అనుకుంటూ కూర్చుంది. వేళ్ళు వెడల్పు చేసి దువ్వింది. పిడికిలి ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

రేగిపండు వాసన లేదు. ఆయన చొక్కా వాసన.

ఏళ్ళ తరబడి వారానికొకసారి నానబెట్టి ఉతికిన వాసన. దాన్ని ఆమె నిద్రలో కూడా పోల్చగలదు. పిడికిలి తెరిచింది. పూలు చెక్కుచెదరలేదు. తెల్లగా, పసుపుగా, నవ్వుతున్నట్టే ఉన్నాయి.

కుమారస్వామి వసారాలో పంపు దించి చేతులు కడుక్కుంటున్నాడు. సంతోషంగా ఉన్నాడు. "చూసినావా? నీ చెట్లకు పేనుబంక పట్టింది. ట్యాంకులో ఇంత మిగిలింటే పారబొయ్యకుండా దానికే కొట్టినా. రెండు దినాల్లో పురుగనేది ఉండదు."

"అవి తాగే పూలు," అంది గంగాదేవి.

"తాగేదా?"

"కోసి, ఎండబెట్టి, తాగేవి."

ఆయన ఆమెను, మడిని చూశాడు. "చెప్పాల కదా మరి! అడిగితే ఊరికే పెంచుకుంటాండా అంటివి."

అది నిజమే. ఆమె అన్నది ఆ మాటే. ఒక క్షణం తప్పు తనదే అనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో ఏది పగిలినా, మాడినా, పొంగినా మొదట ఆమెకు అనిపించేది అదే. అప్పుడు మంచం మీద నుంచి చౌడక్క కర్ర నేలకేసి కొట్టింది.

"నేను చెప్పలేదా రా? రేయ్ కుమారా, అవి తాగేవిరా, కొట్టొద్దురా అని గొంతు చించుకోలేదా ఈడ నుంచి? నా గొంతు పొయ్యింది, చూడు!"

"పంపు చప్పుడులో వినపడలేదు," అన్నాడు ఆయన.

మూడు చేలవతల మోటారు ఆగిపోతే వినపడే మనిషి. గంగాదేవి ఆయన ముఖం చూసింది. విన్నాడు. విని, ముసలిదానికేం తెలుసు అనుకున్నాడు. పూల గురించి ఆడవాళ్ళు తనకు చెప్పేదేముంది అనుకున్నాడు. ఆమె ఊరికే అని చెప్పినందుకు కాదు ఇది జరిగింది. ఆమె నిజం చెప్పి ఉన్నా జరిగేదే.

"ఇంగ ఏమైందిలే," అన్నాడు ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "తాగేదానికి కాకపోతే దేవునికి పెట్టు. చూసేదానికి బాగుండాయి."

తాగడు కాబట్టి దేవునికి ఏది కొట్టినా ఒకటే. గంగాదేవి లోపలికి పోయి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు గోడ పట్టుకుని చూసింది. రాలేదు. వచ్చి అత్త మంచం పట్టె మీద కూర్చుంది. ముసలామె ఇంకా రొప్పుతోంది. ఆ గొంతు ఆ ఇంట్లో తన మీద ఎన్నిసార్లు లేచిందో గంగాదేవికి గుర్తుంది. తన కోసం లేవడం ఇదే మొదలు. అత్త అరిపాదం మీద చెయ్యి పెట్టింది. "నీళ్ళు కావాల్నా?" అని అడిగింది. "పచ్చనీళ్ళే కావాల," అంది చౌడక్క. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్విన తర్వాత కాసేపటికి ముసలామె కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం లాల్‌బీకి ఫోను చేసి జరిగింది చెప్పింది. నీ ఆఖరి విత్తనం నా చేతుల్లో పెడితే ఇట్లా చేసుకున్నానని చెప్పింది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"పూలే కదా పాడైంది?" అంది లాల్‌బీ. "చెట్టు చావలేదు కదా? ఈ యేడు తాగొద్దు. ముట్టుకోవద్దు. నిలబెట్టు. ఎండి గింజ రాలనీ. గింజకు ఏం కాదు. వచ్చే యేడు తాగుదాము."

"మరి వచ్చే యేడు దాకా నిద్ర?"

"శుక్రవారం వస్తానంటివి కదా. పూలు లేకపోతే రావా? ఉత్త చేతులతో రాకూడదా తల్లీ?"

ఆ రాత్రి గంగాదేవికి నిద్ర రాలేదు. కానీ ఆ మెలకువ వేరే రకంగా ఉంది. ఆయన గురక వింటూ ఆమె ఒక సంగతి గమనించింది. ఆయన్ను తను ఇంకా క్షమించలేదు. ప్రతిసారీ పడుకునే లోపు క్షమించేసేది. గిన్నెలు తోమినట్టు, బండ కడిగినట్టు, అది కూడా రోజూ ఒకరు చేయాల్సిన ఇంటిపని. ఆ రోజు ఆ పని చేయలేదు. చేయకపోతే ఏమీ కాలేదు. ఇల్లు అలాగే ఉంది.

తెల్లవారి కోతకు పోయింది. ఏడుకు బుట్టలు ఆటో ఎక్కించింది. ఇంటికి వచ్చి మడి చుట్టూ నాలుగు పుల్లలు పాతి, తాడు కట్టి, తాడుకు తన పాత ఎర్ర రవికె చించిన పీలికలు కట్టింది. అత్తకు స్నానం చేయించింది. తను స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. కుమారస్వామి చేనుకు పోబోతూ ఆగాడు.

"యాడికి?"

"పెనుకొండకు."

"ఏం పని?"

"పనేమీ లేదు. నిద్రపోయేదానికి."

ఆయన సరిగా వినలేదేమో అనుకున్నాడు. ఈసారి పంపు చప్పుడు లేదు. "నిద్రపోయేదానికి ఊరు పోతావా? ఇల్లు లేదా నీకు?"

"ఇల్లుండాది. నిద్ర లేదు."

"నలుగురు వింటే ఏమనుకుంటారు? పెండ్లాము యాడికి పోయిందంటే నిద్రపోయేదానికి పోయిందని చెప్పాల్నా నేను?"

"గుర్రం పోయిందని చెప్పు," అంది గంగాదేవి. గొంతు పెంచలేదు. "నవ్వుతారు, ఇంగ అడగరు."

"మరి సంగటి?"

చౌడక్క మంచం దిగింది. కర్ర వెతుక్కుంది. "నేను కెలుకుతాలేరా. చేతులు పడిపోలేదు ఇంగా. పోమ్మే, బస్సు పోతాది," అంది. గంగాదేవి గడప దాటాక వెనక నుంచి కేక వినిపించింది. "వచ్చేటప్పుడు ఆమె దగ్గర ఆ పువ్వు ఇంత మిగిలింటే నాకు పట్టుకరా!"

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పెనుకొండ దాకా ఆమె కునకలేదు. చెట్లు, గుట్టలు, కోట గోడ అన్నీ మేలుకుని చూసింది. లాల్‌బీ తలుపు తీసి, ఆమె ఉత్త చేతులు చూసి, పక్కకు జరిగి దారిచ్చింది. గదిలో చాప వేసి, దిండుకు ఉతికిన గలీబు తొడిగింది. "మిషన్ ఆపనా?" అని అడిగింది. "వద్దక్కా, ఆ చప్పుడు బాగుంది," అంది గంగాదేవి. పడుకుని పైకప్పు చూసింది. గూట్లో సుర్మా సీసా ఉండే చోటు ఖాళీగా ఉంది. వచ్చే నెలలో అక్కడికి సీసా వస్తుంది, నిండుగా. ఆ మాట లాల్‌బీకి చెబుదామనుకుంది. సగంలోనే కళ్ళు మూతపడ్డాయి.

లేచేసరికి ఎండ వసారా దాటి గడప మీదికి వచ్చింది. మిషను చప్పుడు లేదు. లాల్‌బీ పక్కనే కూర్చుని చేత్తో కాజాలు కుడుతోంది. ఆమె ఒళ్ళో గంగాదేవి ఫోను, దుప్పటా మడతల్లో చుట్టి ఉంది.

"ఏడుసార్లు మోగింది," అంది లాల్‌బీ. "లేపేదానికి చేతులు రాలేదు."

ఫోను ఎనిమిదోసారి మోగింది. గంగాదేవి తీసుకుంది. అవతల కుమారస్వామి గొంతు చెవికి దూరంగా పెట్టినా వినిపిస్తోంది. "యాడుండావు? అమ్మ కెలికిన సంగటి నిండా ఉండలే! పొద్దు పోతాండాది, ఎప్పుడొస్తావు?"

ఆమె ఒకసారి లాల్‌బీని చూసింది. దిండును చూసింది.

"లేచినాక," అని చెప్పి, ఫోను ఆమె చేతికిచ్చి, అటు తిరిగి పడుకుంది.